స్టార్న్‌బర్గ్ సరస్సు గురించి అపోహలు - వాస్తవాలు

మ్యూనిక్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఎండ కాస్తే చాలు ఈ సరస్సుకి బయల్దేరతారు. నేను సరస్సుల నీటి మీద పనిచేస్తా కాబట్టి కలిసిన ప్రతివాళ్లూ ఇవే అడుగుతుంటారు, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: ఇవన్నీ ఆల్ప్స్ మంచు కరిగి వచ్చిన నీళ్లు.

కాదండీ. గొయ్యి తవ్వింది మాత్రం మంచే. గత హిమయుగంలో ఇజార్-లోయిజాక్ హిమానీనదం ఇక్కడిదాకా దిగొచ్చి నేలని దొలిచేసింది, సుమారు 20 కిలోమీటర్ల పొడవు, 127 మీటర్ల దాకా లోతు. కానీ ఇప్పుడు దీంట్లోకి కొండల నుంచి పెద్ద నది ఒక్కటీ రాదు. వాగులు, ఊటలు, వాన, దక్షిణాన ఓస్టర్‌జేన్ చెరువుల నుంచి వచ్చే నీళ్లు, అంతే. బయటికి పోయేది వ్యుర్మ్ అనే చిన్న నది, ఆ హిమయుగానికి ఈ నది పేరే పెట్టారు.

అపోహ: కొండల పక్కన ఉంది కదా, నీళ్లు వాటంతటవే శుభ్రపడతాయి.

నాకు బాగా బాధనిపించేది ఇదే. ఇందులో సుమారు 3 ఘన కిలోమీటర్ల నీళ్లున్నాయి, వచ్చేదీ తక్కువే పోయేదీ తక్కువే, మొత్తం నీరు మారడానికి దాదాపు 21 ఏళ్లు పడుతుంది, అంటే ఇవాళ కలిసిన ఎరువో మురుగో రేపటికి కొట్టుకుపోదు, అక్కడే ఉండి నాచుని పెంచుతుంది, ఆ నాచు చచ్చి అడుగుకి చేరి కుళ్లేటప్పుడు అక్కడి ఆక్సిజన్ తినేస్తుంది, చేపలకి కష్టం. ఒకప్పుడు ఒడ్డున ఉన్న ఊళ్ల మురుగంతా ఇందులోకే వచ్చేది. 1960లు, 70లలో సరస్సు చుట్టూ పైప్‌లైన్ వేసి దాన్ని దారి మళ్లించారు, ఆ తర్వాతే నీళ్లు తేటపడ్డాయి. ఇది మనుషులు పూనుకుని చేసిన పని.

అపోహ: ఒడ్డున రాళ్లన్నీ ఇక్కడివే.

ఒక గుప్పెడు తీసి చూడండి. ఎక్కువ బూడిద రంగు సున్నపురాళ్లే, మధ్యలో ఎక్కడో చారలతో, అభ్రకం తళుకుతో ఒక నైస్ (gneiss అనే రకం) రాయి దొరుకుతుంది, అది సెంట్రల్ ఆల్ప్స్‌ది. హిమయుగంలో ఇన్ అనే నది లోయలోని మంచు కనుమలు దాటి ఇటు పొంగినప్పుడు మోసుకొచ్చింది.

అపోహ: చలికాలంలో ఇక్కడ ఏమీ ఉండదు.

అసలు చూడాల్సింది అప్పుడే! ఇంత లోతైన నీరు అంత తొందరగా గడ్డకట్టదు కాబట్టి ఉత్తరాది నీటిపక్షులు వేలల్లో ఇక్కడికొచ్చి చలికాలం గడుపుతాయి, దీనికి రామ్‌సర్ గుర్తింపు (నీటి ప్రాంతాల రక్షణకి అంతర్జాతీయంగా ఇచ్చేది) కూడా ఉంది. దయచేసి ప్యాడిల్ బోర్డులతో ఆ గుంపుల్లోకి వెళ్లకండి, బెదిరి ఎగిరిన ప్రతిసారీ చలికి దాచుకున్న కొవ్వు వాటికి ఖర్చైపోతుంది.