లారీని ఆపింది నేనేనా?

హైదరాబాదు

చిరంజీవులకు,

మీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మీరూ, అమ్మా నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

భోగి నాటి సాయంత్రం మనమందరం పెరట్లో కూర్చుని ఉండగా నాకు ఫోను రావడం, నేను లోపలికి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచి రెండు గంటలపాటు బయటికి రాకపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఖమ్మం డీలరుకు వెళ్లవలసిన లారీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే నిలిచిపోయిందని నేను ఫోనులో మాట్లాడుతుంటే విని, చిన్నవాడు వచ్చి "లారీని నువ్వు ఆపావా పెద్దమ్మా?" అని అడిగాడు. ఆ హడావిడిలో తర్వాత చెబుతానన్నాను. ఆ ప్రశ్నకు అవునన్నా కాదన్నా సగం నిజమే అవుతుంది కనుక, మిగతా సగం కూడా చెప్పాలని తీరికగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

సిమెంటు తయారుచేసి అమ్మే ఒక సంస్థలో అమ్మకాల ఆర్డర్లన్నీ నడిచే కంప్యూటరు వ్యవస్థను చూసుకునే అనలిస్టును నేను. సిమెంటు తయారుచేసేవారు వేరు, అమ్మేవారు వేరు, కాటా వేసి లారీకి ఎత్తించేవారు వేరు, డబ్బు లెక్క చూసేవారు వేరు. వీళ్లలో చాలామంది ఒకరి ముఖం ఒకరు ఎప్పుడూ చూసి ఉండరు. అయినా రోజంతా ఒకరి మాట మీద ఒకరు ఆధారపడి పని చేస్తారు. ఆ మాట రాసి ఉండే చోటు మా వ్యవస్థ. అందులో రాసినది ఈ నలుగురికీ ఒకే అర్థం ఇచ్చేలా చూడటం నా ఉద్యోగం.

మా వ్యవస్థ పేరు ఎస్‌ఏపీ. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద మీరు చూసిన "శాప్" ఇదే. 1972లో జర్మనీలో, ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న ఐదుగురు ఇంజనీర్లు బయటికి వచ్చి ఈ కంపెనీని పెట్టారు. వారి మొదటి ఖాతాదారు నైలాను దారం తయారుచేసే ఒక ఫ్యాక్టరీ. ఆనాటి జర్మన్ మాటల పొట్టి రూపాలు ఇంకా ఆ వ్యవస్థ లోపల అలాగే ఉన్నాయి. ఆర్డరు తలభాగాన్ని దాచే పట్టిక పేరు వీబీఏకే, అందులో చివరి అక్షరం తల అనే అర్థం ఉన్న జర్మన్ మాటది. ఖాతాదారు నంబరును మేము కేయూఎన్‌ఎన్‌ఆర్ అంటాము, అదీ జర్మన్ మాటే. జర్మనీ గడప తొక్కని మన పిల్లలు అమీర్‌పేట హాస్టళ్లలో రాత్రిళ్లు కూర్చుని ఈ అక్షరాలను ఎక్కాల్లా వల్లెవేసి, ప్రపంచంలో ఎక్కడెక్కడి కంపెనీల ఆర్డర్లనో చక్కదిద్దడం నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

ఇక ఆర్డరు సంగతి. డీలరు ఫోను చేసి "500 బస్తాలు పంపండి" అంటాడు. అది మాట. దాన్ని వ్యవస్థలో రాస్తే మూడు అంతస్తులు అవుతుంది. పైన తలభాగంలో ఎవరు అడిగారు, డబ్బు ఎవరు ఇస్తారు, సరుకు ఎక్కడ దించాలి అని ఉంటుంది. ఈ ముగ్గురూ ఒక్కరే కానక్కరలేదు, ఖమ్మంలో ఉన్న డీలరు తన డబ్బుతో కొన్న సిమెంటును నేరుగా మధిరలో ఇల్లు కట్టుకుంటున్న వారి దగ్గర దించమనవచ్చు. దాని కింద వరుసల్లో ఏ రకం, ఎన్ని బస్తాలు అని ఉంటుంది. వాటి కింద ఏ తేదీకి ఎన్ని ఇవ్వగలమో ఉంటుంది. ఆ ఆర్డరు నుంచి డెలివరీ పత్రం పుడుతుంది, లారీ కాటా దాటి బయటికి వెళ్లాక స్టాకు తగ్గుతుంది, ఆ తర్వాత బిల్లు పడుతుంది, బిల్లుతోపాటే డీలరు ఖాతాలో బాకీ పెరుగుతుంది. ఈ పత్రాలన్నీ ఒకదాని వేలు పట్టుకుని ఒకటి నడుస్తాయి. నాకు ఏ ఫిర్యాదు వచ్చినా మొదట తెరిచేది ఈ వరుసనే, ఎక్కడ వేలు వదిలిందో చూడటానికి.

ఇప్పుడు భోగి నాటి లారీ దగ్గరికి వస్తాను. ప్రతి డీలరుకూ ఇంతవరకు అరువు ఇవ్వవచ్చునని ఒక పరిమితి ఉంటుంది. ఈ డీలరుది 10 లక్షలు. ఆయన బాకీ 6 లక్షల 80 వేలు. కొత్త ఆర్డరు 500 బస్తాలు, పన్నుతో కలిపి బస్తా 330 రూపాయల చొప్పున 1 లక్షా 65 వేలు. రెండూ కలిపినా 8 లక్షల 45 వేలే అవుతుంది. మరి లారీ ఎందుకు ఆగింది? గేటు దగ్గరి గుమాస్తా ఫోనులో "సిస్టమ్ పని చేయడం లేదు" అని మాత్రమే అన్నాడు. మా పనిలో తొంభై పాళ్లు ఈ వాక్యంతోనే మొదలవుతాయి, అయితే అది నిజం కావడం చాలా అరుదు. వ్యవస్థ తనకు చెప్పినట్టే చేస్తుంది. దానికి ఎవరు, ఎప్పుడు, ఏమి చెప్పారో వెతకాలి.

వెతికితే తెలిసింది. కిందటి వానాకాలంలో ఆ డీలరు 600 బస్తాలకు ఒక ఆర్డరు ఇచ్చి, వానలకు పనులు ఆగిపోవడంతో వద్దని నోటిమాటగా చెప్పాడు. సేల్స్ ఆఫీసరు సరేనన్నాడు, కానీ వ్యవస్థలో ఆ ఆర్డరును మూయలేదు. వ్యవస్థ దృష్టిలో ఆ 600 బస్తాలు ఇంకా పంపవలసినవే. పంపని సరుకును కూడా అది రాబోయే బాకీగానే లెక్కిస్తుంది, లెక్కించాలి కూడా. ఆ 1 లక్షా 98 వేలు కలిస్తే మొత్తం 10 లక్షల 43 వేలయింది, పరిమితి దాటింది, లారీ ఆగింది.

ఆ అడ్డును తీసే తెరను నేను తెరవగలను, నన్ను అడిగినవారికి ఆ సంగతి తెలుసు. "పండగ పూట, మేడమ్, ఒక్క బటన్ నొక్కండి" అన్నారు. నేను నొక్కలేదు. వ్యవస్థను సరిచేసేవారు ఒకరు, అరువు మీద నిర్ణయం తీసుకునేవారు మరొకరుగా ఉండాలి. ఆ ఇద్దరూ ఒక్కరే అయిన రోజున ఏ లెక్కనూ ఎవరూ నమ్మరు. సేల్స్ ఆఫీసరుకు ఫోను చేసి డీలరు ఆ పాత సరుకు నిజంగానే వద్దన్నాడని మెయిలు రాయించుకున్నాను. పాత ఆర్డరు వరుసకు రద్దు కారణం ఆయన చేతనే పెట్టించాను. లెక్క మళ్లీ వేయించి, క్రెడిట్ మేనేజరుకు ఆ అంకెలు చూపించాను. ఆయన విడుదల చేశాక లారీ కదిలింది. నాకు పట్టిన రెండు గంటల్లో కంప్యూటరు ముందు పని పది నిమిషాలు, మిగిలినదంతా మనుషులతో మాట్లాడటమే.

లారీని నేను ఆపాననే సగం నిజం మరొక పాత సంగతిలో ఉంది. ఆ అరువు తనిఖీ నియమాన్ని ఏళ్ల కిందట వ్యవస్థలో అమర్చినది నేనే. మార్పు దేన్నయినా మేము మూడు ఇళ్లు తిప్పుతాము. మొదట తయారుచేసే వ్యవస్థలో పెట్టి, తర్వాత పరీక్షించే వ్యవస్థకు పంపి, అంతా బాగుందన్నాకే నిజమైన వ్యాపారం నడిచే వ్యవస్థకు చేరుస్తాము. నేను అన్ని పరీక్షలూ చేశాను, అంకెలన్నీ సరిపోయాయి. ఆ నియమం అమల్లోకి వచ్చిన శనివారం సాయంత్రం పదిహేడు లారీలు గేటు దగ్గర నిలిచిపోయాయి. డీలర్లు బ్యాంకులో శనివారం కట్టిన చెక్కులు మా పుస్తకాల్లో సోమవారం గానీ పడవన్న సంగతి నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు. పరీక్షలో నేను వాడిన డీలర్లు నేను సృష్టించుకున్నవారు కనుక, వాళ్ల చెక్కులు ఎప్పుడూ ఆలస్యం కాలేదు. ఆదివారం ఉదయం నేను అక్కడికి వెళ్లేసరికి డ్రైవర్లు లారీల నీడన స్టవ్వులు వెలిగించి అన్నం వండుకుంటున్నారు. ఒక రోజు ఆగితే వారి రాబడిలో ఎంత పోతుందో ఒకాయన నెమ్మదిగా, కోపం లేకుండా నాకు లెక్క చెప్పాడు. ఆ తర్వాత నేను ఏ నియమం రాసినా, ముందు గేటు దగ్గరా, కాటా దగ్గరా, డీలరు కొట్లోనూ ఒక్కొక్క రోజు కూర్చున్నాకే రాశాను.

మీరు ధరల గురించి కూడా అడిగారు, ఒకే బస్తా ఒక్కొక్కరికి ఒక్కొక్క ధరకు ఎందుకు అమ్ముతారని. మన ఊరి కిరాణా కొట్టు గుర్తుచేసుకోండి. తాతగారు వెళ్తే కొట్టాయన ముందు "ఈయనకు ఇంతకిస్తానని మాట ఇచ్చానా" అని తలచుకుంటాడు, ఇవ్వకపోతే మన వీధివారికి ఇచ్చే ధర, అదీ లేకపోతే అందరికీ చెప్పే ధర. మా వ్యవస్థ కూడా సరిగ్గా ఇలాగే వెతుకుతుంది. మొదట ఈ డీలరుకు ఈ రకం మీద ప్రత్యేక ధర ఉందా, లేకపోతే ఈ జిల్లాకు ఉందా, లేకపోతే అందరి ధర. ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. ప్రతి ధరకూ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్న హద్దు ఉంటుంది. ఏప్రిల్ 1 ఉదయం నాకు వచ్చే ఫోన్లలో సగం డిస్కౌంటు రావడం లేదనే, చూస్తే ఆ హద్దు మార్చి 31తో ముగిసి ఉంటుంది.

ఈ తేదీల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా ఉద్యోగంలో నేను మరచిపోలేని రోజులన్నీ తేదీల చుట్టూ ఉన్నవే. 2014 జూన్ 1న హైదరాబాదు డిపో నుంచి విజయవాడకు సరుకు పంపితే అది రాష్ట్రం లోపలి అమ్మకం. మరునాడు అదే డిపో నుంచి అదే డీలరుకు అదే లారీలో పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం, పన్ను వేరు, పత్రాలు వేరు. ప్రతి డీలరు చిరునామాలో రాష్ట్రం గడిని మార్చాలి. జిల్లా చూసి ఒక్క దెబ్బతో మార్చేద్దామని ఎవరో అన్నారు. అలా చేసి ఉంటే తప్పయ్యేది, ఎందుకంటే ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు మండలాలు, అంటే కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం వంటివి, ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అటువైపు ఉన్న మా డీలర్లను ఒక్కొక్కరినీ మండలం పేరు అడిగి రాసుకున్నాము. పటం మీద గీసిన గీత ఒక మనిషి బిల్లులో ఏ గడిలో పడుతుందో నాకు ఆ వారంలో అర్థమైనంతగా ఏ పాఠంలోనూ అర్థం కాలేదు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పని మరీ పెద్దదే గానీ, సిద్ధం కావడానికి నెలల సమయం దొరికింది. రాష్ట్రం లోపల అమ్మితే కేంద్రం పన్నూ రాష్ట్రం పన్నూ రెండు వరుసలుగా, రాష్ట్రం దాటితే ఒకే వరుసగా బిల్లులో రావాలి. డీలరు జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. వాటిని చూసి వ్యవస్థ ఏది వేయాలో తేల్చుకునేలా అమర్చాము.

ఇటీవలి సంగతి మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 20వ తేదీన తీసుకున్న ఆర్డరులో 28 శాతం రాసి ఉంది, లారీ 23న బయలుదేరింది. సరుకు వెళ్లడం, బిల్లు పడటం రెండూ మార్పు తర్వాతే కనుక 18 శాతమే వేయాలి. ఆర్డరులోని ధర బిల్లులోకి నకలు అయ్యేటప్పుడు ఏమి చేయాలో చెప్పే ఒక గడి ఉంది. అందులో జీ అనే ఒక్క అక్షరం పెడితే, డీలరుతో అనుకున్న ధర అలాగే ఉండి పన్ను మాత్రం బిల్లు పడే నాటి లెక్కన మళ్లీ వేస్తుంది. వేరే అక్షరం పెడితే పాత పన్నే పడుతుంది, లేదా మొత్తం ధరే మారిపోతుంది. ఆ రాత్రి మేము పాత ఆర్డర్లు తీసి, ఆ ఒక్క అక్షరాన్ని వాటి మీద పదేపదే పరీక్షించాము. పన్నుకు ముందు ధర ప్రతి 100 రూపాయల మీదా 10 రూపాయల తేడా, అది చివరకు ఇల్లు కట్టుకునే వారి జేబు నుంచి పోయేదో మిగిలేదో అవుతుంది.

పెద్దదానివి నువ్వు, ఈ పనికి ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా అని అడిగావు. నేర్చుకుంటే మంచిదే, మా పక్కన కూర్చుని అబాప్ అనే ఎస్‌ఏపీ సొంత భాషలో ప్రోగ్రాములు రాసేవారితో మాట్లాడటానికి అక్కరకు వస్తుంది. నేనైతే ముందు జమాఖర్చుల లెక్క నేర్చుకోమంటాను, తర్వాత జరిగినదాన్ని జరిగినట్టు నాలుగు వాక్యాల్లో రాయడం నేర్చుకోమంటాను. ఒక ఫిర్యాదును ముగించేటప్పుడు నేను రాసే వివరణను రెండేళ్ల తర్వాత, నేను ఎవరో తెలియని మనిషి, అర్ధరాత్రి, లారీ ఆగిపోయి ఉండగా చదువుతాడు. వాక్యం తికమకగా ఉంటే అతను అదే తప్పు మళ్లీ చేస్తాడు.

పండగ వెళ్లిన మరుసటి సోమవారం నేను ఒక చిన్న పని చేశాను. మూడు నెలలు దాటినా పంపని ఆర్డర్లన్నీ ప్రతి నెల 1వ తేదీన సేల్స్ ఆఫీసర్లకు పట్టికగా వెళ్లేలా అమర్చాను. మొదటి పట్టిక నిడివి చూసి నాకే మనసు కలుక్కుమంది. ఆ ఆర్డర్లన్నీ ఎవరో ఒకరి అరువు పరిమితిని అన్ని నెలలుగా తింటున్నవే.

వేసవి సెలవులకు మీరు వచ్చినప్పుడు మిమ్మల్ని ఫ్యాక్టరీకి తీసుకువెళ్తానని అక్కడివారిని అడిగి ఒప్పించాను. కాటా దగ్గర ఒక లారీ నంబరు మీరే రాసుకోండి. సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ లారీలోని సిమెంటు ఎవరు అడిగారో, ఎప్పుడు అడిగారో, ఎవరి ఇంటి దగ్గర దిగుతుందో పత్రం వెంట పత్రం తెరిచి చూపిస్తాను. తలకు టోపీలు తెచ్చుకోండి, అక్కడ ఎండ ఎక్కువ.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ