రాక్ అంటే గిట్టని ప్రిన్సిపాల్ టోగర్

పిల్లలూ,

సంగీతం సినిమా చూసేటప్పుడు మీ కళ్లన్నీ గిటారు పట్టుకున్నవాళ్ల మీదే ఉంటాయి. ఈసారి వాళ్లకు అడ్డుపడే మనిషిని కూడా గమనించండి. అమెరికాలో 1979లో వచ్చిన 'రాక్ ఎన్ రోల్ హైస్కూల్'లో ఆ మనిషి ప్రిన్సిపాల్ ఎవెలిన్ టోగర్. ఆ వేషం వేసింది మేరీ వరోనోవ్.

నిర్మాత రోజర్ కోర్మన్ సంస్థ తక్కువ ఖర్చుతో తీసిన సినిమా ఇది. దర్శకుడు అలన్ ఆర్కుష్. రిఫ్ అనే అమ్మాయికి రామోన్స్ అనే రాక్ బ్యాండ్ అంటే ప్రాణం. ఆ బ్యాండువాళ్లే సినిమాలోనూ రామోన్స్‌గా కనిపిస్తారు. కొత్తగా వచ్చిన టోగర్ పిల్లల రాక్ పాటల రికార్డులను కుప్పపోయించి తగలబెట్టిస్తుంది. తెల్ల ఎలుకలకు రాక్ వినిపించి, చూడండి దీనివల్ల ఎంత ప్రమాదమో అని రుజువు చేయబోతుంది.

ఇలాంటి వేషంలో చాలామంది ఒకేచోట దెబ్బతింటారు. 'ఇదంతా తమాషా అని నాకూ తెలుసులెండి' అన్నట్టు ప్రేక్షకుడి వైపు ఒక్క చూపు విసిరితే చాలు, సీను చప్పబడిపోతుంది. ప్రిన్సిపాల్‌ను చూస్తే భయం వేయాలి. లేకపోతే పిల్లలు ఎదురు తిరగడానికి అర్థమే ఉండదు. వరోనోవ్ ఆ చూపు ఎక్కడా విసరదు. అసలే పొడగరి, పైగా వెన్ను నిటారుగా పెట్టి నిలబడుతుంది. రామోన్స్ తోలు జాకెట్లతో, చిరిగిన జీన్స్‌తో బడికి వచ్చినప్పుడు, మీరు రామోన్స్ అన్న సంగతి మీ అమ్మానాన్నలకు తెలుసా అని వాళ్లను నిలదీస్తుంది. ఆ ప్రశ్నలో వెటకారం ఆవగింజంత కూడా లేదు, జవాబు కావాలనే అడుగుతుంది. మనకు పొట్ట చెక్కలయ్యేది అందుకే.

రాక్‌ను ఇంతగా అసహ్యించుకునే పాత్ర వేసిన ఈవిడ, అంతకు పదమూడేళ్ల ముందు రాక్ బ్యాండుతోనే వేదిక మీద నాట్యం చేసింది. 1966లో న్యూయార్క్‌లో, సెయింట్ మార్క్స్ ప్లేస్‌లోని డామ్ అనే హాల్లో చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఒక ప్రదర్శన పెట్టాడు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బ్యాండు వాయిస్తుంటే వాళ్ల ఒంటి మీదే సినిమాలు, రంగురంగుల స్లైడ్లు పడేవి. స్ట్రోబ్ లైట్లు టపటపా వెలిగి ఆరేవి. వార్హోల్ సహాయకుడు జెరార్డ్ మలంగా కొరడా పట్టుకుని ఆడేవాడు, పక్కనే వరోనోవ్. అలాంటి వెలుతురులో ముఖంలో పలికే సన్నసన్న భావాలు ఎవరికీ కనబడవు. భుజం, మెడ, చెయ్యి నిలిపిన తీరు, వీటితోనే చెప్పాలి. టోగర్ కారిడార్లో నడిచే నడకలో నాకు ఆ శిక్షణే కనిపిస్తుంది.

ఆర్కుష్ 1983లో 'గెట్ క్రేజీ' తీశాడు. ఒకప్పుడు న్యూయార్క్‌లో రాక్ కచేరీలు జరిగే ఫిల్‌మోర్ ఈస్ట్ థియేటర్లో పనిచేసిన అనుభవం అతనికి ఇక్కడ పనికొచ్చింది. కొత్త సంవత్సరం రాత్రి ఒక థియేటర్లో జరిగే కచేరీ, తెర వెనక గందరగోళం, ఇదీ కథ. వరోనోవ్‌ది చిన్న వేషమే. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ గాయకుడు లూ రీడ్ కూడా ఇందులో ఉన్నాడు. 1966 నాటి ఇద్దరూ ఒకే సినిమాలో కనిపించడం నాకు చాలా ఇష్టమైన సంగతి.

కచేరీ సీన్లు చూసేటప్పుడు డ్రమ్ము కర్ర మీద కన్నేయండి. ముందే రికార్డు చేసిన పాటను ప్లేబ్యాక్‌లో వినిపిస్తూ, కెమెరా చోటు మార్చి మార్చి తీస్తారు. మన పాటల చిత్రీకరణా అంతే. కర్ర తాకడానికీ మోత వినపడడానికీ మధ్య ఒకట్రెండు ఫ్రేములు తేడా వచ్చినా కన్ను పసిగట్టేస్తుంది. పెదవుల కంటే అక్కడే ముందు దొరికిపోతారు.

1991లో 'రాక్ ఎన్ రోల్ హైస్కూల్ ఫరెవర్' వచ్చింది. అందులో వరోనోవ్ డాక్టర్ వేడర్ అనే మరో కఠినమైన అధికారి. ఆవిడ తీక్షణత తగ్గలేదు గానీ సినిమాలో పస లేదు. తీరిక ఉంటేనే చూడండి.

మొదటి సినిమాకు అమెరికాలో పీజీ రేటింగ్ ఇచ్చారు, ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడొచ్చు. 'గెట్ క్రేజీ'కి ఆర్ రేటింగ్, అది మీరు పెద్దయ్యాకే. ఎలుకల సీను మాత్రం రెండుసార్లు చూడండి, రెండోసారి సౌండు పూర్తిగా తీసేసి.

మీ
పెద్దమ్మ