జ్వరం తగ్గినా అన్నయ్య ఎందుకు లేవట్లేదు?

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, అన్నయ్యకు జ్వరం పోయింది కదా, ఇంకా పగలంతా పడుకునే ఉంటాడెందుకు? ఫుట్‌బాల్‌కి రమ్మంటే అమ్మ మమ్మల్నే కసురుతోంది. డాక్టరుగారు యాంటీబయాటిక్ కూడా రాయలేదు" అని అడిగారు. మంచి ప్రశ్న. పెద్దవాళ్లకు కూడా తట్టాల్సిన ప్రశ్న ఇది.

మీ అన్నయ్యకు వచ్చింది మోనోన్యూక్లియోసిస్. నోరు తిరగకపోతే మోనో అనండి, చాలు. తెచ్చిపెట్టేది ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్. అది ఉమ్మిలో ఉంటుంది. ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగితే అంటుకోవచ్చు.

ఒక రాత్రి ఓ ఇంట్లోకి పిల్లి దూరిందనుకోండి. ఇంట్లో అందరూ పసివాళ్లే అయితే ఒకరు కళ్లు తెరిచి చూసి, అటు తిరిగి పడుకుంటారు. చిన్నపిల్లల ఒంట్లోకి ఈ వైరస్ వచ్చినా అంతే. చాలామందికి వచ్చిన సంగతే తెలియదు. అదే మీ అన్నయ్య వయసువాళ్ల ఇల్లయితే ఇంటిల్లిపాదీ లేస్తారు. దీపాలు వెలుగుతాయి, కర్రలు బయటికొస్తాయి, గిన్నెలు దొర్లుతాయి. మనం జబ్బు అనుకునేదంతా చాలావరకు ఆ హడావుడే. పిల్లి చేసిన గోల తక్కువ, పిల్లిని తరమబోయిన మనవాళ్లు చేసిన గోల ఎక్కువ. మనవాళ్లంటే తెల్ల రక్తకణాలు. వాళ్లు గుమికూడిన గదులే మెడలో కట్టిన బిళ్లలు. రాత్రంతా పరుగెత్తిన ఇల్లు మర్నాడు ఎలా ఉంటుంది? అదే నీరసం.

ఇంకో సంగతి. పిల్లి దూరిన వెంటనే ఈ ఇల్లు మేలుకోదు, 4 నుంచి 6 వారాలు పడుతుంది. అందుకే అన్నయ్య ఎవరి గ్లాసులో తాగాడో ఇప్పుడు వెతికి లాభం లేదు, ఎవరినీ తప్పుపట్టకండి. ఇంత గోల చేసినా పిల్లి చిక్కదు. అటకెక్కి కూర్చుంటుంది. బి కణాలనే తెల్లకణాల్లో నక్కి, ఆ మనిషి ఉన్నంతకాలం అక్కడే ఉంటుంది. అప్పుడప్పుడు చప్పుడు లేకుండా దిగి ఉమ్మిలోకి వచ్చిపోతుంది. ఇంటివాళ్లు దాని మీద ఓ కన్నేసి ఉంచుతారు, అంతటితో సరి. ప్రపంచంలో పెద్దవాళ్లు నూటికి 90 మందికి పైగా తమ అటక మీద ఈ పిల్లిని మోస్తూనే తిరుగుతున్నారు. నా అటక మీదా ఉండే ఉంటుంది.

మరి దీన్ని గుర్తుపట్టడం ఎలా? అన్నయ్య గొంతు చూశారుగా, టాన్సిళ్ల మీద తెల్లటి పూత. మెడకు ముందువైపే కాక వెనకవైపు కూడా బిళ్లలు, జ్వరం, కొందరికి పొద్దున్నే ఉబ్బిన కనురెప్పలు. వీటన్నిటినీ మించిన అలసట. బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పి కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది కాబట్టి డాక్టరుగారు గొంతు పరీక్షా, రక్త పరీక్షా రెండూ చేయించారు. మొదటి వారంలో మోనో రక్త పరీక్షలో ఒక్కోసారి ఏమీ కనబడదు, మళ్లీ చేయాల్సి వస్తుంది. ఇక యాంటీబయాటిక్ సంగతి. అది బ్యాక్టీరియా మందు, వైరస్‌ను ఏమీ చేయదు. పైగా మోనో ఉన్నప్పుడు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వేస్తే ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు రావొచ్చు. రాయకపోవడమే ఆయన చేసిన వైద్యం.

ఇప్పుడు ఫుట్‌బాల్. మన పొట్టలో ఎడమవైపు, పక్కటెముకల చాటున, ప్లీహం అని ఒక మెత్తటి అవయవం ఉంది. ఇందాకటి ఇంట్లో కాపలావాళ్లు ఎక్కువగా చేరే పెద్ద గది అదే. మోనో వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి అది ఉబ్బుతుంది, పక్కటెముకల చాటు దాటి కిందికి దిగుతుంది. అప్పుడు బంతి తగిలినా, మోచెయ్యి తగిలినా పగలొచ్చు. నూటికి ఒక్కరికి కూడా జరగదు, నిజమే. జరిగితే మాత్రం లోపల రక్తం పోతుంది, ప్రాణం మీదికొస్తుంది. అందుకే జబ్బు మొదలైన దగ్గర్నుంచి కనీసం 3 వారాలు, ఆ తర్వాత కూడా డాక్టరుగారు సరేననేదాకా, ఆటలు, బరువులెత్తడాలు వద్దు. మీరూ వాడి మీద పడి కుస్తీలు పట్టకండి. ఎడమ డొక్కలో ఉన్నట్టుండి నొప్పి అన్నా, ఎడమ భుజం లాగుతోందన్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా, ఊపిరి ఆడట్లేదన్నా, నీళ్లు కూడా మింగుడు పడట్లేదన్నా పరుగున వెళ్లి పెద్దవాళ్లకు చెప్పండి. రాత్రయినా సరే, లేపండి.

మిగతా వైద్యమంతా చిన్నదే. నీళ్లు బాగా తాగాలి, గొంతుకు ఉప్పునీళ్లు పుక్కిలించాలి, నొప్పికీ జ్వరానికీ డాక్టరుగారు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకోవాలి. పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు. వాడి గ్లాసూ చెంచా వాడివే. గదిలో వేరుగా పెట్టక్కర్లేదు, మీరు పక్కన కూర్చుని కబుర్లు చెప్పొచ్చు.

నా చిన్నప్పుడు మా అక్కకు ఇలాగే మెడ నిండా బిళ్లలు కట్టి జ్వరం వచ్చింది. జ్వరం పోయాక అసలు కథ మొదలైంది. జడ వేసుకుంటూ మూడు పాయలూ చేతిలో పట్టుకునే గోడకు చేరబడి నిద్రపోయేది. బళ్లో పంతులమ్మ బద్ధకం అన్నారు. చుట్టాలు పని తప్పించుకోడానికి వేషాలన్నారు. అక్క ఎవరికీ జవాబు చెప్పేది కాదు, చెప్పే ఓపికే ఉండేది కాదు. అమ్మ మాత్రం ఆ చేతిలోంచి పాయలు మెల్లగా తీసుకుని, తనే జడ అల్లి, పడుకోబెట్టేది. అలసట థర్మామీటరుకు అందదు కాబట్టి మనిషి మాటనే నమ్మాలి. చాలామంది రెండు మూడు వారాల్లో తేరుకుంటారు, కొందరికి నెలలు పడుతుంది. అన్నయ్య ఓపిక లేదన్నాడంటే లేదనే. ఒక పూట హుషారుగా లేచి మర్నాడు మళ్లీ పడిపోయినా వెక్కిరించొద్దు.

ఈ వైరస్‌ను 1964లో లండన్‌లో కనిపెట్టారు. కానీ మోనోను తెచ్చేది అదేనని అప్పుడెవరికీ తెలియదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, వైరస్‌ల మీద పరిశోధన చేసే హెన్లే దంపతుల ప్రయోగశాలలో ఒక అమ్మాయి పనిచేసేది. వైరస్ ఒంట్లోకి వస్తే దాన్ని ఎదుర్కోడానికి ఒళ్లు తయారుచేసుకునేవి యాంటీబాడీలు. ఆమె రక్తంలో ఈ వైరస్‌కు అవి లేవు, అందుకని పోల్చి చూసుకోడానికి ఆమె రక్తాన్నే వాడేవారు. ఆమెకు మోనో వచ్చింది. తేరుకుని వచ్చాక అదే పరీక్ష చేస్తే యాంటీబాడీలు నిండుగా కనిపించాయి! 1968లో ఆ సంగతి లోకానికి చెప్పారు. జబ్బుపడి లేచిన ఒక్క మనిషి చెప్పిన సాక్ష్యం అది.

ఈసారి అన్నయ్యను రక్త పరీక్షకు తీసుకెళ్లినప్పుడు మీరూ వెళ్లండి. రక్తపు చుక్క పరిచిన గాజుపలకను, అంటే స్లైడును, మైక్రోస్కోపులో చూపిస్తారేమో మర్యాదగా అడగండి. మామూలు తెల్లకణాల మధ్య కొన్ని మరీ పెద్దవి, అంచులు వంకరపోయి పక్కనున్న ఎర్రకణాలను ఆనుకుని పరుచుకున్నవి ఉంటాయి. మన కాపలావాళ్లు వాళ్లే. కనబడితే బొమ్మ గీసి నాకు పంపండి, ఒక్కోదాని అంచు ఎలా ఉందో చూసి గీయండి.

ఆశీస్సులతో,
తాతయ్య