విదేశాల్లో స్వచ్ఛంద వైద్య శిబిరాలు: అపోహలు - వాస్తవాలు

మరో దేశానికి వైద్య బృందాన్ని తీసుకువెళ్లాలన్న ఉత్సాహంతో వచ్చేవారు మొట్టమొదట అడిగేది, రోజుకు ఎంతమంది రోగులను చూడగలమని. ఇటువంటి బృందాలను సమన్వయం చేసే పనిలో ఉన్న నేను మాత్రం ప్రతి సన్నాహక సమావేశంలోనూ ముందుగా వేరే ప్రశ్న అడుగుతాను: మనం తిరుగు విమానం ఎక్కిన పది రోజులకు ఈ రోగిని ఎవరు చూస్తారు? ఆ వైద్యుడి పేరు, ఫోన్ నంబరు చెప్పలేని చికిత్స ఎంత చిన్నదైనా మా జాబితాలో ఉండదు. ఈ పనిలో నాకు ఎదురైన అపోహల్లో చాలావరకు ఆ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: అవసరం ఉన్న చోటికి ఎవరు వెళ్లినా మేలే జరుగుతుంది.

వాస్తవం: అవసరం ఉండటం వేరు, అక్కడివారు పిలవడం వేరు. 2010 జనవరిలో హైతీని భూకంపం కుదిపేసినప్పుడు అనేక దేశాల నుంచి వైద్య బృందాలు తరలివెళ్లాయి. వాటిలో గొప్పగా సేవలందించినవి ఉన్నాయి, తగిన సామగ్రి, అనుభవం, సమన్వయం లేకుండా వెళ్లినవీ ఉన్నాయి. ఆ అనుభవం తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో విదేశీ వైద్య బృందాలకు వర్గీకరణను, కనీస ప్రమాణాలను ప్రకటించింది. వాటి ప్రకారం రోగులను చేర్చుకుని శస్త్రచికిత్సలు చేసే రెండో రకం బృందానికి కనీసం 20 పడకలు, రోజుకు 7 పెద్ద లేదా 15 చిన్న శస్త్రచికిత్సలు చేయగల సామర్థ్యం ఉండాలి. తిండి, నీరు, బస వంటి అవసరాలకు స్థానికుల మీద భారం పడకూడదు. అవి విపత్తుల కోసం రాసినవే అయినా, ముందుగా తేదీలు నిర్ణయించుకుని వెళ్లే శిబిరాలకు కూడా ఆ పద్ధతే మంచిది. ఆతిథ్య ఆసుపత్రిలో ఒకే ఒక ఆపరేషన్ థియేటరు ఉండి, దానిని వారం రోజులు మనమే వాడుకుంటుంటే, అర్ధరాత్రి వచ్చిన గర్భిణికి సిజేరియన్ ఎక్కడ చేస్తారన్నది మనం బయలుదేరక ముందే తేలాలి.

అపోహ: సొంత దేశంలో లైసెన్సు ఉన్న వైద్యుడు ఉచిత సేవకు ఎక్కడైనా అర్హుడే.

వాస్తవం: ఉచితమైనంత మాత్రాన చట్టం సడలిపోదు. ఆతిథ్య దేశపు వైద్య మండలి నుంచి తాత్కాలిక నమోదు, ఆరోగ్య శాఖ అనుమతి, పిలిచిన ఆసుపత్రి నుంచి లేఖ తప్పనిసరిగా తీసుకోవాలి. ధ్రువపత్రాల పరిశీలనకు నెలలు పడుతుంది. పర్యాటక వీసా మీద వెళ్లి చికిత్స చేద్దామనే సలహా ఎవరిచ్చినా వినవద్దు.

అపోహ: మందులు ఎన్ని తీసుకువెళితే అంత మంచిది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. 1992 నుంచి 1996 వరకు యుద్ధకాలంలో, ఆ వెంటనే బోస్నియా-హెర్జెగోవినాకు విరాళంగా చేరిన మందుల్లో సుమారు 17,000 టన్నులు పనికిరానివేనని, వాటిని సురక్షితంగా వదిలించుకోవడానికి 3.4 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని అప్పట్లో అంచనా వేశారు. యుద్ధంతో చితికిపోయిన దేశం మీద దాతలు మోపిన భారం అది. 1996లోనే వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెప్పేది స్పష్టంగా ఉంది: మందులు అడిగినవై ఉండాలి, ఆ దేశంలో వాడుకకు అనుమతి పొందినవై ఉండాలి, అక్కడికి చేరేనాటికి సాధారణంగా కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి, లేబుల్ మీద జెనరిక్ పేరు, అంటే కంపెనీ పెట్టిన పేరు కాకుండా మందు అసలు పేరు, అక్కడి సిబ్బంది చదవగలిగే భాషలో ఉండాలి, రోగులు వాడి మిగిల్చినవి అసలు ఉండకూడదు.

నేను వెళ్లిన మొదటి శిబిరంలో మేము మోసుకెళ్లిన అట్టపెట్టెను అక్కడి ఫార్మసిస్టు బల్ల మీద బోర్లించింది. సగం వాడిన స్ట్రిప్పులు, వైద్య ప్రతినిధులు ఇచ్చిన శాంపిళ్లు, మూడు నెలల్లో గడువు తీరే సిరప్పులు కుప్పగా పడ్డాయి. ఆమె ఒక్క మాట కూడా అనకుండా, బయట రోగులు వరుసలో నిలబడి ఉండగానే, ఒక్కొక్క స్ట్రిప్పునూ దీపం కిందకు పట్టి చదువుతూ పూట మొత్తం గడిపింది. సాయంత్రానికి పనికొచ్చేవని పక్కన పెట్టినవి ఒక చిన్న ట్రేలో సరిపోయాయి. ఆ పూట ఆమె చేయవలసిన పనిని మేము పాడుచేశాం.

నియంత్రిత ఔషధాల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ 1961 నాటి అంతర్జాతీయ మాదకద్రవ్యాల ఒప్పందం పరిధిలోకి వస్తుంది కనుక, పంపే దేశం నుంచి ఎగుమతి అనుమతి, చేరే దేశం నుంచి దిగుమతి అనుమతి రెండూ ఉండాలి. శస్త్రచికిత్సల్లో మత్తుకు వాడే కెటమైన్ అంతర్జాతీయ నియంత్రణలో లేకపోయినా, చాలా దేశాలు తమ చట్టాలతో దానిని కట్టడి చేశాయి. ఇక ప్రసవానంతర రక్తస్రావాన్ని ఆపే ఆక్సిటోసిన్ వంటి మందును 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచలేకపోతే, సీసా నిండుగానే కనిపించినా లోపలి మందు పనిచేస్తుందన్న భరోసా ఉండదు.

పరికరాల విషయంలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. శస్త్రచికిత్స పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే 110 వోల్టుల ఆటోక్లేవును 230 వోల్టుల విద్యుత్తు ఉన్న చోటికి తీసుకువెళ్లడం, విడిభాగాలు దొరకని యంత్రాన్ని కానుకగా వదిలి రావడం మేలు కాదు.

అపోహ: ఎన్ని ఎక్కువ ఆపరేషన్లు చేస్తే శిబిరం అంత విజయవంతమైనట్టు.

వాస్తవం: ఒకసారి మా బృందం చివరి రోజు మధ్యాహ్నం వరకు హెర్నియా శస్త్రచికిత్సలు చేసి, రాత్రి విమానం ఎక్కింది. మూడో రోజున ఒక రోగికి గాయం దగ్గర రక్తం గడ్డకట్టి వాపు వచ్చింది. అతని చేతిలో ఉన్న కాగితం మీద మా భాషలో నాలుగు పొడి అక్షరాలు తప్ప ఏం చేశామో, హెర్నియా చోట బలానికి పెట్టే వల (మెష్) పెట్టామో లేదో ఏమీ లేదు. అక్కడి యువ వైద్యుడు ఏమీ తెలియకుండానే ఆ గాయాన్ని తెరవవలసి వచ్చింది. రోగి కోలుకున్నాడు, తప్పు మాత్రం మాదే. అప్పటి నుంచి పెద్ద శస్త్రచికిత్సలన్నీ మొదటి రోజుల్లోనే ముగించి, చివరి రెండు రోజులను గాయాలు చూడటానికి, అప్పగింతలకు మాత్రమే కేటాయిస్తున్నాం. రోజుకు ఎన్ని కేసులన్నది నిర్ణయించేది సర్జన్ కాదు, మత్తు వైద్యుడు, కోలుకునే గదిలోని నర్సు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన 19 అంశాల శస్త్రచికిత్స భద్రతా జాబితాను స్థానిక నర్సుకు అర్థమయ్యే భాషలో పైకి చదివించడం మా థియేటరులో మినహాయింపు లేని నియమం.

అపోహ: వైద్య విద్యార్థులకు చేయి తిరగడానికి ఇది మంచి అవకాశం.

వాస్తవం: సొంత దేశంలో చేయడానికి అర్హత లేని పనిని పరాయి దేశపు పేదవారి మీద చేయకూడదు. దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

అపోహ: రెండు భాషలూ వచ్చినవారు ఎవరైనా దుబాసీగా సరిపోతారు.

వాస్తవం: పదేళ్ల బాలిక తన తల్లి గర్భస్రావం గురించి వైద్యుడికి చెప్పలేక తలదించుకోవడం చూశాను. తల్లి కూడా కూతురి ముఖం చూసి అసలు బాధను దాచేసింది. పిల్లలను, బంధువులను మధ్యవర్తులుగా వాడితే వ్యాధి చరిత్ర మాత్రమే కాదు, ఆపరేషన్‌కు తీసుకునే అంగీకారం కూడా చెల్లదు. శిక్షణ పొందిన దుబాసీల జీతాన్ని బడ్జెట్‌లో మందులకంటే ముందు రాసుకోవాలి.

అపోహ: వెళ్లడమే ఎప్పుడూ ఉత్తమ సహాయం.

వాస్తవం: పన్నెండుమంది సభ్యుల విమాన ఛార్జీల మొత్తాన్ని ఆతిథ్య ఆసుపత్రి ముందు పెట్టి, దీనితో మీరైతే ఏం చేస్తారని అడగటం నాకు అలవాటు. ఒక ఆసుపత్రి అధిపతి తమకు సర్జన్లు వద్దని, మత్తుమందు ఇవ్వడంలో ఇద్దరు నర్సులకు ఆరు నెలల శిక్షణ కావాలని జవాబు రాశారు. ఆ ఏడాది మేము శిబిరాన్ని రద్దు చేసి, ఒకే ఒక మత్తు వైద్యురాలిని ఆ ఆరు నెలలకూ పంపాం. విరాళమిచ్చినవారిలో కొందరు నొచ్చుకున్నారు. ఫొటోల్లో చూపించడానికి రోగుల వరుస లేదు. మరుసటి ఏడాది మేము పంపిన జాబితాలో పేర్కొన్న శస్త్రచికిత్సల్లో సగం ఇప్పుడు తామే చేసుకుంటున్నామని, మిగిలిన సగానికి మాత్రం రమ్మని ఆ ఆసుపత్రి నుంచి లేఖ వచ్చింది.