ఇల్లు అమ్మితే చేతికి మిగిలేదెంత? అపోహలు - వాస్తవాలు

ఇల్లు అమ్మదలచినవారికి ఖర్చులన్నీ పోగా ఎంత మిగులుతుందో ముందుగా అంచనా వేసి ఇవ్వడం నా వృత్తిలో భాగం. ఆ కాగితం చూసినవారిలో చాలామంది మొదట అడిగేది, "అంత ధరకు అమ్మితే ఇంతేనా మిగిలేది?" అని. ఆ ఆశ్చర్యానికి కారణమయ్యే అపోహలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు.

అపోహ: ధరలోంచి అప్పు తీసివేస్తే మిగిలినదంతా మనదే.

వాస్తవం: ముందు ఆ అప్పు అంకెనే సరిచూసుకోవాలి. ఖాతా వివరాల్లో కనిపించే అసలు బాకీ వేరు, తాకట్టు విడిపించుకోవడానికి కట్టవలసిన మొత్తం వేరు. చివరి వాయిదా నాటి నుంచి అప్పు తీర్చే రోజు వరకు పెరిగే వడ్డీ, ఒప్పందంలో ఉన్నట్లయితే ముందస్తు చెల్లింపు రుసుము, తాకట్టు రద్దు పత్రాల ఖర్చు దానికి తోడవుతాయి. అందుకే అమ్మకం పూర్తయ్యే తేదీని చెప్పి, ఆ రోజుకు ఎంత కట్టాలో అప్పిచ్చిన సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోమంటాను. తేదీ మారితే ఆ కాగితాన్ని మళ్లీ తెచ్చుకోవలసిందే.

ఇక మధ్యవర్తి కమీషన్ సాధారణంగా మొత్తం ధర మీద లెక్కకడతారు గానీ అప్పు పోగా మిగిలే మీ వాటా మీద కాదు. మీ వాటా ధరలో 40 శాతమే అయితే, 5 శాతం కమీషన్ అంటే ఆ వాటాలో ఎనిమిదో వంతు.

అపోహ: ధర కాస్త తగ్గితే మిగులు కూడా ఆ మేరకే తగ్గుతుంది.

వాస్తవం: నా దృష్టిలో అమ్మేవారిని ఎక్కువగా దెబ్బతీసే అపోహ ఇదే. ధర 100 పాళ్లు, అప్పు 55 పాళ్లు, ఖర్చులు ధరలో 7 శాతం అనుకుంటే చేతికి వచ్చేది 38 పాళ్లు. బేరంలో ధర 95కు దిగితే ఖర్చులు 6.65కు తగ్గుతాయి గానీ, అప్పు 55 అలాగే ఉంటుంది కాబట్టి మిగిలేది 33.35 మాత్రమే. ధర 5 శాతం తగ్గితే మిగులు 12 శాతం పైగా తగ్గిందన్నమాట. అప్పు ఎంత ఎక్కువగా ఉంటే ఈ కోత అంత లోతుగా ఉంటుంది. అందువల్ల నేను ఒకే అంకె ఎప్పుడూ ఇవ్వను; ఆశించే ధరకు, రావచ్చుననిపించే ధరకు, ఇంతకు దిగితే అమ్మను అనుకునే ధరకు మూడు లెక్కలు పక్కపక్కనే వేసి ఇస్తాను. మూడోది చూడడానికి ఎవరికీ మనసొప్పదు, బేరంలో పనికొచ్చేది మాత్రం అదే.

అపోహ: అమ్మేముందు మరమ్మతులకు పెట్టినదంతా ధరలో తిరిగి వస్తుంది.

వాస్తవం: నీటి కారుడు వంటి, కొనేవారిని భయపెట్టే లోపాలను సరిచేయడం చాలావరకు లాభమే. వంటగదిని పూర్తిగా కొత్తగా కట్టించడం వంటివి మీ అభిరుచికి పెట్టిన ఖర్చులు. వాటిని కొనేవారు పూర్తిగా భరిస్తారని లెక్కలో రాయవద్దు.

అపోహ: ఎక్కువ ధర చెప్పినవారిదే మంచి బేరం.

వాస్తవం: ఒకరు 100 పాళ్లు ఇస్తామంటూ మూడు నెలల గడువు, మరమ్మతుల పేరిట 2 పాళ్ల తగ్గింపు అడిగారనుకుందాం. ఆ మూడు నెలలూ వడ్డీ, ఇంటి పన్ను, బీమా, నిర్వహణ కలిపి నెలకు 0.6 పాళ్ల చొప్పున మీరే భరిస్తే, ఆ 100 నిజానికి 96.2. వెంటనే 98 ఇచ్చేవారు ఇంతకంటే మేలు.

అపోహ: చేతికి తక్కువ వస్తే పన్ను కూడా తక్కువే.

వాస్తవం: అమ్మకం ధర మీద విధించే బదిలీ పన్నులను పక్కన పెడితే, అమ్మకంపై ఆదాయపు పన్ను సాధారణంగా లాభాన్ని బట్టి ఉంటుంది. అమ్మిన ధరలోంచి కొన్న ధరను, కొనుగోలు, అమ్మకం ఖర్చులను, ఇంటి విలువ పెంచిన శాశ్వత నిర్మాణాల ఖర్చును తీసివేయగా వచ్చేది ఆ లాభం. రంగులు వేయించడం వంటి రోజువారీ నిర్వహణ సాధారణంగా అందులోకి రాదు. ఈ లెక్కలో ఇంటి అప్పుకు చోటు లేదు. ఇంటిని తాకట్టు పెట్టి తరువాత మరో అప్పు తీసుకున్నవారికి మిగులు స్వల్పంగా ఉన్నా, లాభం పెద్దదిగా తేలవచ్చు. మినహాయింపులు, గడువులు దేశాన్ని బట్టి మారుతాయి కనుక ధర ఖరారు చేసుకోకముందే పన్ను నిపుణుడిని కలవాలి. పాత రసీదులు అప్పుడే వెతకాలి.

తిరిగి వచ్చే సొమ్మును మాత్రం చాలామంది మరచిపోతారు. ముందే కట్టిన ఇంటి పన్నులో కొనేవారి కాలానికి చెందిన భాగం, బీమాలో మిగిలిన కాలపు సొమ్ము, సేవలకు కట్టిన డిపాజిట్లు ఉంటే ఆ వరుసలను కూడా లెక్కలో చేర్చుకోండి.