సీసాకి జ్వరం ఎందుకొచ్చింది?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉత్తరం రాశారు. వాళ్ళబ్బాయికి అమెరికాలో, మినియాపోలిస్‌లో ఉద్యోగం. ఇంట్లోనే బీరు తయారుచేసుకోవడం అతని సరదా. “ముందు హడలిపోయాను, నాటుసారా బట్టీ పెట్టాడేమోనని. అక్కడ తప్పు కాదట, సరే. కానీ కాలానికో రకం చేస్తాడండీ. చలికాలంలో లాగర్ అంటాడు, ఎండాకాలంలో గోధుమ బీరు అంటాడు. బార్లీ ఏడాది పొడుగునా కొట్లో దొరుకుతుంది కదా, ఈ కాలాల గొడవేమిటి? ఇంకో సంగతి. మొన్న వీడియో కాల్‌లో చూశాను. బేస్‌మెంట్ గోడ మీద థర్మామీటరు 18 డిగ్రీలు చూపిస్తోంది. బీరు పులుస్తున్న గాజు సీసాకి అంటించిన స్టిక్కరేమో 22 అంటోంది. సీసాకి జ్వరమొచ్చిందా?”

రెండో ప్రశ్న దగ్గర మాస్టారు దొరికిపోయారు. రెండు థర్మామీటర్లలో తేడా పట్టుకోవడం లెక్కల మనిషి చూపు. మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఆ నాలుగు డిగ్రీల్లోనే ఉంది.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, మళ్ళీ నన్ను అడగొద్దు. అమెరికాలో 1978లో అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, ఇంట్లో ఒక్క వయోజనుడుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉంటే 200 గ్యాలన్ల బీరు పన్ను లేకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మత్తు పానీయం తయారుచేస్తే నేరం, అది లీటరైనా సరే. కాబట్టి ఇది చదువుకోడానికే. సారాకీ బీరుకీ తేడా కూడా చాలామందికి తెలియదు. పులిసినదాన్ని బట్టీ పెట్టి, ఆవిరి పట్టి దింపితే సారా. పులిసినదాన్ని పులిసినట్టే తాగితే బీరు, కల్లు.

బార్లీని మొలకెత్తించి ఎండబెట్టడం, వేడినీళ్ళలో నానబెట్టి తీపి రసం తీయడం, చేదు కోసం హాప్స్ పూలు వేసి మరిగించడం, ఇవన్నీ దాటేస్తున్నాను. శ్రద్ధగా చేస్తే ఎవరికైనా వస్తాయి. అసలు కథ ఆ రసం చల్లారి, అందులో చక్కెరని ఆల్కహాల్‌గా మార్చే ఈస్ట్ అనే సూక్ష్మజీవిని వేశాక మొదలవుతుంది.

మన బడి పుస్తకాల్లో ఈ ఘట్టానికి ఒకే ఒక్క సమీకరణం రాస్తారు. ఒక గ్లూకోజ్ అణువు పోతే రెండు ఆల్కహాల్ అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. పరీక్షలో రెండు మార్కులు. పిల్లవాడు బట్టీ పట్టి రాసేస్తాడు, పంతులుగారు టిక్కు కొట్టేస్తారు. సమీకరణం తప్పేం కాదు. అయితే ప్రపంచంలోని బీర్లన్నిటికీ అదే సమీకరణం. మరి ఒకటి అరటిపండు వాసన, ఇంకోటి లవంగం వాసన, మూడోది అసలు ఏ వాసనా లేకుండా ఎలా ఉంటున్నాయి? ఆ సమీకరణంలో ఉష్ణోగ్రత అనే మాటే లేదు. వేడి కూడా పుడుతుందని రాయరు.

ఉష్ణోగ్రత ఏం చేస్తుందో మన ఇళ్ళలో ఇడ్లీ పిండి రుబ్బే ఏ ఇల్లాలినైనా అడగండి. విజయవాడలో మే నెలలో సాయంత్రం రుబ్బిన పిండి అర్ధరాత్రికే గిన్నె మూత లేపి గట్టు మీదకి కారుతుంది. అదే బియ్యం రవ్వ, అదే మినప్పప్పు భోగి నాటికి తెల్లారినా కదలదు, పొయ్యి పక్కన పెట్టి దుప్పటి కప్పాలి. ఆవిడ దగ్గర ఉపాయాలు బోలెడు. ఎండాకాలంలో గ్రైండర్‌లో ఐసు నీళ్ళు పోస్తుంది, రాయి తిరిగే వేడికి పిండి ముందే కాగిపోకుండా. చలికాలంలో పాత పిండి ఒక గరిటె కలుపుతుంది, సూక్ష్మజీవుల సంఖ్య మొదట్లోనే ఎక్కువ ఉండేలా. ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళూ సరిగ్గా ఇవే రెండు పనులు చేస్తారు: రసాన్ని ఎంత చల్లార్చి మొదలుపెట్టాలి, ఈస్ట్ ఎంత వెయ్యాలి. పిండి పొంగకపోతే మనవాళ్ళు హస్తవాసి మీదకి తోసేస్తారు. ఒకే హస్తం మేలోనూ జనవరిలోనూ రుబ్బితే రెండు రకాలుగా ఎందుకొచ్చిందో ఆ సిద్ధాంతం చెప్పదు. చెప్పగలిగేది థర్మామీటరే. పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. పిండిని పొంగించేవి ప్రధానంగా లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియాలు, బీరులో పని ఈస్ట్‌ది. పైగా పిండి మరీ పులిస్తే దోసె పోసుకుంటాం. వేడెక్కి చెడిన బీరుకి దోసె లేదు.

ఇప్పుడు జ్వరం లెక్క. సీసాలో 20 లీటర్ల రసం, అందులో సుమారు రెండు కిలోల పులిసే చక్కెర ఉందనుకుందాం. గ్లూకోజ్ లెక్కన (ఒక మోల్ అంటే 180 గ్రాములు) అది 11 మోల్‌లు. ఒక్కో మోల్ ఆల్కహాల్‌గా మారేటప్పుడు దాదాపు 70 కిలోజౌళ్ళ వేడి వదులుతుంది. మొత్తం 770. ఇరవై లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 84 కిలోజౌళ్ళు చాలు. భాగించండి మాస్టారూ: తొమ్మిది డిగ్రీలు! వేడి బయటికి పోకుండా సీసాని దూదిలో చుట్టేస్తే 18 డిగ్రీల రసం తనంతట తానే 27కి పోతుంది. గాజు గోడల నుంచి కొంత గాలిలోకి పోతుంది కాబట్టి మీరు నాలుగు డిగ్రీలే చూశారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. వేడెక్కేకొద్దీ ఈస్ట్ చురుగ్గా పనిచేస్తుంది, చురుగ్గా పనిచేసేకొద్దీ ఇంకా వేడి పుడుతుంది. రెండో రోజో మూడో రోజో ఇది శిఖరానికి చేరుతుంది. సీసా చిన్నది కాబట్టి సరిపోయింది. వేల లీటర్ల ట్యాంకుల్లో లోపల పుట్టే వేడితో పోలిస్తే బయటికి పోయే దారి చాలా తక్కువ, అందుకే బీరు ఫ్యాక్టరీల్లో ట్యాంకు చుట్టూ చల్లటి ద్రవం తిరిగే చొక్కా తొడుగుతారు.

నాలుగు డిగ్రీలకి ఇంత హడావుడి దేనికంటే, ఈస్ట్‌కి నచ్చే వేడీ మన నాలుకకి నచ్చే వేడీ ఒకటి కావు. మామూలు ఈస్ట్ 30 డిగ్రీల దగ్గర పండగ చేసుకుంటుంది, గబగబా పిల్లల్ని పెడుతుంది. ఆ తొందరలో అమైనో ఆమ్లాల నుంచి నైట్రోజన్ లాక్కుని, మిగిలిన కార్బన్ అస్థిపంజరాన్ని బరువైన ఆల్కహాళ్ళుగా మార్చి బయట పారేస్తుంది. జర్మన్ రసాయనవేత్త ఫెలిక్స్ ఏర్లిష్ 1907లో ఈ దారిని కనిపెట్టాడు. లూసిన్ నుంచి ఐసోఎమైల్ ఆల్కహాల్ పుడుతుంది. ఇది మోతాదు మించితే గొంతులో మంట, రంగు తీసే థిన్నర్ లాంటి ఘాటు. దానికే ఒక ఎసిటేట్ ముక్క అతికితే ఐసోఎమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్, అంటే పళ్ళ వాసనిచ్చే పదార్థం. ఆ వాసన మీకు తెలుసు, మగ్గిన చక్కెరకేళి గెలలో ఉండేది అదే అణువు. మీ అబ్బాయి ఎండాకాలంలో చేసే గోధుమ బీరుకి ఈ అరటి వాసనా, దానితోపాటు లవంగం వాసనా కావాలి. కాబట్టి బేస్‌మెంట్ కాస్త వెచ్చగా ఉన్నా నష్టం లేదు, లాభమే. చలిలో పులియబెట్టే లాగర్‌కి అదే వాసన దోషం. ఇవన్నీ ఈస్ట్ పెరిగే మొదటి రెండు మూడు రోజుల్లోనే పుడతాయి. నాలుగో రోజు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టినా వెనక్కి పోవు.

మరి చల్లగా ఉంటే చాలా? అదీ కాదు. నాకు భలే ఇష్టమైన ముచ్చట ఇది. ఈస్ట్ తన కోసం వేలిన్ అనే అమైనో ఆమ్లం తయారుచేసుకుంటూ మధ్యలో ఒక పదార్థాన్ని బయటికి కార్చేస్తుంది. ఏ ఎంజైమూ లేకుండానే అది మెల్లగా డైఎసిటైల్‌గా మారుతుంది. మజ్జిగ చిలికి తీసిన వెన్నకి వాసన ఇచ్చే అణువే డైఎసిటైల్. లీటరుకి మిల్లీగ్రాములో పదో వంతు ఉన్నా నాలుక పట్టేస్తుంది. మెలకువగా ఉన్న ఈస్ట్ దాన్ని మళ్ళీ లోపలికి పీల్చుకుని రుచీ పచీ లేని పదార్థంగా మార్చేస్తుంది. తొందరపడి చలికి నిద్రపుచ్చితే వెన్న వాసన బీరులో అలాగే ఉండిపోతుంది. అందుకే లాగర్ చేసేవాళ్ళు 10 డిగ్రీల దగ్గర పులియబెట్టి, పని ముగుస్తుందనగా రెండు మూడు రోజులు 16 డిగ్రీల దాకా వెచ్చబరిచి, ఆ తర్వాతే సున్నాకి దగ్గరగా దింపి వారాల తరబడి ఉంచుతారు. మినియాపోలిస్‌లో ఈ చల్లదనం చాలావరకు చలికాలంలో ఉచితంగా దొరుకుతుంది. కాలానికో రకం వెనక ఉన్నది ఇదే. సీసా ఏ నెలలో ఎంత చల్లగా ఉంటే ఆ నెలకి సరిపోయే ఈస్ట్.

యూరప్‌లో ఇది ఒకప్పుడు శాసనం కూడా. 1553లో బవేరియాలో సెప్టెంబరు 29 నుంచి ఏప్రిల్ 23 దాకానే బీరు కాయాలని ఆజ్ఞ వచ్చింది. ఎండాకాలం కాచినది చెడిపోతోందని అనుభవంతో తెలుసు, ఎందుకో తెలియదు. సూక్ష్మజీవి అన్న మాటకి ఇంకా మూడు శతాబ్దాల దూరం. మార్చిలో కాస్త గట్టిగా కాచి, నేలమాళిగల్లో ఐసు గడ్డల మధ్య దాచి, పైన నీడ కోసం చెస్ట్‌నట్ చెట్లు నాటి, ఎండాకాలమంతా దాన్నే తాగేవాళ్ళు. అలా చలిలో ఏళ్ళ తరబడి వాడగా వాడగా మిగిలింది ఒక సంకర ఈస్ట్, అదే లాగర్ ఈస్ట్. మామూలు ఈస్ట్‌కీ చలిని తట్టుకునే ఇంకో అడవి జాతికీ పుట్టింది. ఆ రెండో తల్లిదండ్రి ఎవరో చాలాకాలం దొరకలేదు. 2011లో దక్షిణ అమెరికా కొసన, పాటగోనియా అడవుల్లో బీచ్ చెట్ల మీది బుడిపెల్లో దొరికింది. తర్వాత టిబెట్‌లోనూ కనిపించింది. ఇక 1870లలో కార్ల్ ఫాన్ లిండె మ్యూనిక్ బీరు కంపెనీల కోసం శీతల యంత్రం తయారుచేశాడు. క్యాలెండర్ పని అయిపోయింది. మన ఇంట్లో ఫ్రిజ్‌కి ముత్తాత బీరు కోసం పుట్టిందంటే తాగనివాళ్ళు కూడా బీరుకి రుణపడ్డట్టే.

ఇప్పుడు బెజవాడకి వద్దాం. ఊరికే బ్లేజ్‌వాడ అన్నారా! జనవరి రాత్రుళ్ళు 18, 19 డిగ్రీలకి దిగుతుంది, అదీ పగలు 30 చేరుకుంటూ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, రాత్రి కూడా 28కి తగ్గదు. అమెరికాలో వాళ్ళు సీసాని నీళ్ళ తొట్టెలో పెట్టి తడి టీషర్టు చుడతారు. ఉక్కపోసే కృష్ణా తీరంలో తడిగుడ్డ ఎంత చుట్టినా 25 కిందికి దింపడం కష్టం. ఫ్రిజ్ ఉంది కదా అంటే అది నాలుగైదు డిగ్రీలు, అక్కడ ఈస్ట్ పడుకుంటుంది. అంటే థర్మోస్టాట్ లేకుండా ఇక్కడ లాగర్ ఏ నెలలోనూ కుదరదు. సంక్రాంతి ముందూ వెనకా గోధుమ బీరు లాంటిది ఏదో సాధ్యం.

మరి మే నెలకి? దానికి తగిన ఈస్ట్ చలిదేశం నార్వేలో ఉంది. అక్కడి రైతు ఇళ్ళలో తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ అనే ఈస్ట్ 35, 40 డిగ్రీల దగ్గర కూడా థిన్నర్ ఘాటు లేకుండా రెండు మూడు రోజుల్లో పని ముగించేస్తుంది. రైతులు రసాన్ని పూర్తిగా చల్లారనివ్వకుండానే ఈస్ట్ కలిపేవారు. బతికినదాన్ని చెక్క వలయాల మీద ఎండబెట్టి మళ్ళీసారికి దాచేవారు. వేడికి ఆగేది, ఎండినా చావనిది, ఈ రెండు జల్లెడలూ దాటిందే మిగిలింది. ఈ ఈస్ట్ కణాల్లో ట్రెహలోజ్ అనే చక్కెర ఎక్కువగా పోగుపడుతుంది, వేడిలోనూ ఎండులోనూ ప్రొటీన్లనీ కణపు పొరల్నీ కాపాడేది అదే. ఈస్ట్ కలిపేటప్పుడు గట్టిగా కేకపెడితే బాగా పులుస్తుందని కూడా వాళ్ళ నమ్మకం. ఈస్ట్‌కి చెవుల్లేవు, కానీ హస్తవాసి కంటే కేక నయం, సరదాగానైనా ఉంటుంది. అన్నట్టు నార్వే పాత గులాటింగ్ చట్టంలో క్రిస్మస్‌కి బీరు కాయడం రైతు విధి. మూడేళ్ళు వరసగా ఎగ్గొడితే ఆస్తి పోయేది. మన దగ్గర కాస్తే కేసు, అక్కడ కాయకపోతే కేసు.

మనవాళ్ళు ఈ వేడిని వేరే రకంగా దాటారు. చలికాలంలో ఈత కల్లు, ఎండలు ముదిరితే తాటి కల్లు. గీసిన గెల నుంచి లొట్టిలోకి కారుతున్న చుక్కలోనే పులియడం మొదలవుతుంది, లొట్టి అడుగున నిన్నటి మడ్డిలోని సూక్ష్మజీవులే తోడు. ఇక్కడ ఈస్ట్ ఒక్కటే కాదు, జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఉంటుంది. గ్లూకోజ్‌ని అది వేరే దారిలో విరుస్తుంది. ఒక్కో అణువుకి ఈస్ట్‌కి రెండు ఏటీపీలు (కణం శక్తిగా ఖర్చుపెట్టే అణువులు) గిట్టుబాటైతే దానికి ఒక్కటే. కూలి సగమే కాబట్టి బతకడానికి ఎక్కువ చక్కెర, ఎక్కువ వేగంగా కొట్టాలి. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాల్ తయారు, సాయంత్రానికి పులుపు బాక్టీరియాలు ఎక్కేస్తాయి. తీపిగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు, క్షారంలో ఇవేవీ కదలలేవు, అదే నీరా.

బవేరియావాళ్ళు పొదుపుగా నెలల తరబడి దాచడం నేర్చుకుంటే, మనం చెడిపోయేలోగా తాగేయడం నేర్చుకున్నాం. కల్లుకి బీరులా ఫ్యాక్టరీలు వెలవకపోవడానికి కారణం ఎక్కువగా ఇదే. బతికున్న కల్లుని సీసాలో పోసి బిరడా బిగిస్తే గ్యాసుకి సీసా పగులుతుంది, వేడిచేసి చంపితే పొద్దుటి రుచి పోతుంది. బీరుని లారీ ఎక్కించొచ్చు. కల్లు కావాలంటే మాత్రం ఎండెక్కేలోగా చెట్టు కిందికి మనమే వెళ్ళాలి.