వార్డు గుమ్మంలో ముప్పై సెకన్లు

వరంగల్ పెద్ద దవాఖానలో నైట్ డ్యూటీ. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి 108లు వస్తూనే ఉంటాయి. సిస్టర్ ఒక మంచం దగ్గర ఇంజెక్షన్ లోడ్ చేస్తుంటే పక్క మంచం నుంచి "సిస్టరమ్మా, గ్లూకోజు అయిపోవచ్చింది, జర సూడు" అని పిలుపు. ఇలాంటి రాత్రులు నెలలకు నెలలు గడిస్తే ఒళ్లు అలసిపోవడంతో ఆగదు, రోగి మీది ఆపేక్ష కూడా ఎండిపోతుంది. దాన్నే బర్న్‌ఔట్ అంటున్నారు.

ఆ మాటకు ఈ అర్థం స్థిరపడింది కూడా వైద్యసేవలోనే. పగలు తన ప్రాక్టీసు చూసుకుని, రాత్రిళ్లు న్యూయార్క్‌లోని ఉచిత క్లినిక్‌లో సేవ చేసిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, అక్కడి సిబ్బంది ఎలా కాలి బూడిదవుతున్నారో 1974లో రాశాడు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దాన్ని కొలిచే ప్రశ్నావళి ఇచ్చారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనలేదు, పనిచేసే చోటి ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. ఈ తేడా మరిచిపోతే తప్పంతా సిస్టర్ నెత్తిన పడుతుంది.

దీనికి విరుగుడుగా చెప్పే మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో జరిగేదాన్ని మనసు పెట్టి గమనించడం, ముందు రోగుల కోసం వచ్చింది. 1979లో మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ మొండి నొప్పులతో బాధపడేవాళ్లకు ఈ శిక్షణ మొదలుపెట్టాడు. డాక్టర్ల దాకా రావడానికి ఏళ్లు పట్టింది. 2009లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో ఇలాంటి శిక్షణ తీసుకున్న 70 మంది డాక్టర్లకు బర్న్‌ఔట్ తగ్గింది. పోల్చి చూడటానికి మరో బృందం లేదు కాబట్టి అదొక్కటే చాలదు.

మైండ్‌ఫుల్‌నెస్ మూలం మాత్రం బౌద్ధుల 'సతి', అంటే ఎరుక. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపం ఉన్న మనకు ఇది అరువు సరుకు కాదు.

2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 74 గంటలకు మించి పని వద్దని సిఫార్సు చేసింది. డ్యూటీ చార్టులో మనుషులను పెంచకుండా శ్వాస మీద ధ్యాస పెట్టమనడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అయినా ఈ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఏదో ఒకటి చేతిలో ఉండాలి. శానిటైజర్ రుద్దుకోవడానికి ఎలాగూ 20, 30 సెకన్లు పడుతుంది. వేళ్ల సందుల్లో ఆ చల్లదనం ఆరేదాకా రెండు శ్వాసలు గమనించి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్లవచ్చు.